ఏసీ 18లో పెట్టి రగ్గు కప్పుకునే పిల్లలతో ఎలా వేగాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. నేను ప్రైవేట్ స్కూల్లో సైన్స్ టీచర్ని, మా ఆయనకి చిన్న షాపుంది. పాప డిగ్రీ సెకండియర్, బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చలికాలంలో మాకు నెలకి 210 యూనిట్లు వస్తది, మొన్న మే నెల్లో 420 వచ్చింది. బాబు ఏసీ 18లో పెట్టి రగ్గు కప్పుకుని పడుకుంటాడు. పాప ఫోన్లో క్లైమేట్ ఛేంజ్ మీద పోస్టులు పెడతది గానీ రూమ్‌లోంచి బయటికొస్తే ఫ్యాన్ ఆపదు, అడిగితే "ఫ్యాక్టరీలు, మాల్స్, స్టేడియాలు అన్నేసి లైట్లు వేసుకుంటుంటే నా ఒక్క ఫ్యాన్ ఆపితే భూమి బాగుపడుద్దా మమ్మీ" అంటది. చెప్పీ చెప్పీ నోరు పడిపోతోంది. పైగా డిసెంబర్లో మా స్కూల్లో ఎనర్జీ కన్జర్వేషన్ వీక్ బాధ్యత నాకిచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలతో డ్రాయింగ్ కాంపిటీషన్ కాకుండా ఇంకేం చేయించొచ్చు? ఇంకోటి, పాప తన రూమ్‌కి కూడా ఏసీ కావాలంటోంది, కొనాలా వద్దా?

సమాధానం: అమ్మా, ముందు మీ పాప అడిగిన దానికే చెప్తా, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో గట్టి ప్రశ్న అదే, దానికి సమాధానం చెప్పకుండా "ఎదురు మాట్లాడకు, ముందు ఫ్యాన్ ఆపు" అన్నారంటే ఆ పిల్ల దృష్టిలో మీరు ఓడిపోయినట్టే లెక్క. నేను కరెంట్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయిన వాణ్ణి, పాల్వంచ వైపు వాణ్ణి, కాబట్టి ఈ విషయంలో కొంచెం ఎక్కువే మాట్లాడతా, ఓపిగ్గా చదవండి.

పాప చెప్పింది సగం నిజం. దేశంలో వాడే కరెంట్‌లో ఇళ్ళ వాటా సుమారు పావు వంతు, పరిశ్రమలది అంతకంటే చాలా ఎక్కువ, మన తెలంగాణలో అయితే వ్యవసాయ మోటార్లది ఇంకో పెద్ద కథ (2018 జనవరి నుంచి 24 గంటలు ఫ్రీ ఇచ్చాక కరెంట్ రాగానే మోటార్‌ని తనంతట తానే నడిపించే ఆటో స్టార్టర్లు తీసెయ్యండయ్యా అని రైతుల్ని బతిమాలుకునే పని ఊరూరా నడిచింది, అది ఇప్పుడొద్దులెండి). కాబట్టి ఒక్క ఫ్యాన్‌తో భూమి బాగుపడదు, ఆ మాట ఒప్పేసుకోండి, ఒప్పుకుంటే మీకు పోయేదేం లేదు, పైగా తర్వాత మీరు చెప్పేది వినడానికి ఆ పిల్లకి మనసొస్తుంది.

మిగతా సగం ఏంటంటే, ఆ పావు వంతు ఏ టైమ్‌లో వాడుతున్నాం అనేది. పగలు ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంట్ బాగా వస్తుంది, పొద్దు గూకేసరికి అది సున్నా అయిపోతుంది, సరిగ్గా అదే టైమ్‌కి ఇళ్ళల్లో లైట్లు, టీవీలు, మిక్సీలు, తొమ్మిదయ్యేసరికి బెడ్‌రూమ్ ఏసీలు మొదలవుతాయి. అప్పుడు ఆ లోడ్ అంతా ఎవరు మొయ్యాలి? బొగ్గు ప్లాంట్లు, కొంత శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి హైడల్. ఇప్పటికీ మన దేశంలో తయారయ్యే కరెంట్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గుదే. అంటే రాత్రి పదింటికి మీ ఇంట్లో మిగిలిన యూనిట్, మధ్యాహ్నం పన్నెండింటికి మిగిలిన యూనిట్ ఒకటి కాదు. పోస్టులు పెట్టే పిల్లకి ఈ మాట కొత్తగా ఉంటుంది, పోస్టర్లలో ఇది రాయరు.

ఇంకో లెక్క కూడా చెప్పండి. బొగ్గుతో ఒక యూనిట్ కరెంట్ తీయాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మీ మే నెల 420 యూనిట్లూ బొగ్గు కరెంటే అనుకుంటే దగ్గర దగ్గర 300 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు ఆరు. ఆరు బస్తాల బొగ్గు మీ వాకిట్లో పోసి నెల రోజుల్లో కాల్చెయ్యమంటే ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకుంటారు కదా, అదంతా ఇంకెవరో వాళ్ళ ఊళ్ళో కాలుస్తున్నారు కాబట్టి మనకి తెలీట్లేదు అంతే.

ఆ ఊరు మీకు దూరం కూడా కాదు. హన్మకొండ నుంచి భూపాలపల్లి పోయే దారిలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ ఉంది, 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600ది ఒకటి, గంటన్నర ప్రయాణం. లోపలికి పంపకపోయినా పర్లేదు, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి ఆ చిమ్నీ, బొగ్గు లారీలు, బూడిద లారీలు పోయే రోడ్డు, ఆ రోడ్డు పక్కన చెట్ల ఆకుల రంగు చూపించండి, అక్కడ టీ బండి దగ్గర ఆగి ఊరివాళ్ళతో కాసేపు మాట్లాడనివ్వండి. మీ ఇంటికొచ్చే కరెంట్ అక్కడిదే అని గ్యారంటీ లేదు, గ్రిడ్‌లో కలిశాక ఏ యూనిట్ ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు, కానీ కరెంట్ అంటే గోడలోంచి పుట్టేది కాదని కంటితో చూస్తే చాలు. పాల్వంచలో మేము పెరిగింది ఆ బూడిద మధ్యనే, కిన్నెరసాని నీళ్ళు, సింగరేణి బొగ్గు కేటీపీఎస్‌కి (అక్కడి కొత్తగూడెం థర్మల్ ప్లాంట్‌కి), ఉతికి ఆరేసిన బట్టల మీద బూడిద మాకు. పాప ఉద్యమాల గురించి పోస్టులు పెడుతుంటే శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల గురించి, కాకరాపల్లి తంపర భూముల గురించి (రెండూ చిత్తడి నేలలే) చదవమనండి, థర్మల్ ప్లాంట్ మాకొద్దని ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కితే 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. కరెంట్ ఆదా అంటే నెలకి నాలుగొందలు మిగలడమే అనుకునే వాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వాళ్ళ నేల, నీళ్ళు ఇచ్చుకున్నారు ఈ స్విచ్ కోసం.

సరే, ఇంక మీ ఇంటి సంగతి. మీరు చెప్తే పిల్లలు ఎందుకు వినరంటే, మీరు అన్నిటికీ ఒకే గొంతుతో అరుస్తున్నారు కాబట్టి. లైట్‌కీ అరుపే, ఫోన్ ఛార్జర్‌కీ అరుపే, ఏసీకీ అరుపే. ఛార్జర్ సంగతే చూడండి, రోజూ ఫుల్ ఛార్జ్ పెట్టినా ఒక ఫోన్‌కి ఏడాది మొత్తానికి ఏడెనిమిది యూనిట్లు మించదు, మీ వాడి ఏసీ ఒక్క రాత్రికే అంత లాగుతుంది. పిల్లలు తెలివైనవాళ్ళు, ఛార్జర్ కోసం మీరు గోల చేసినప్పుడే వాళ్ళకి అర్థమైపోద్ది అమ్మకి లెక్క తెలీదు, ఊరికే అలవాటు కొద్దీ అరుస్తోంది అని, ఆ తర్వాత నిజంగా పెద్ద విషయం చెప్పినా అదే బాపతులో కలిపేస్తారు. కాబట్టి ఛార్జర్లు, తొమ్మిది వాట్ల బల్బుల జోలికి కొన్నాళ్ళు పోకండి. ఏసీ, గీజర్, ఫ్యాన్లు, వాటర్ మోటార్, ఫ్రిజ్, ఈ ఐదూ పట్టుకుంటే మీ బిల్లు కథ మొత్తం అందులోనే ఉంది. ఇందులో గీజర్, మోటార్ ఎవరి చేతిలో ఉంటాయో మీకే తెలుసు. మీవారు పేపర్ చదివేంత సేపూ గీజర్ ఆన్‌లో ఉంటుంటే, ట్యాంక్ నిండి డాబా మీంచి నీళ్ళు కారుతుంటే, ఆ ఇంట్లో పిల్లలు ఫ్యాన్ ఆపాలని ఏం రూలు? పదిహేను లీటర్ల గీజర్‌కి ఇరవై నిమిషాలు చాలు, రెండు కిలోవాట్ల కాయిల్ అది, అరగంటకి ఒక యూనిట్ మింగేస్తుంది. ముందు అది పెద్దవాళ్ళు మానండి, మానినట్టు పిల్లలకి చెప్పక్కర్లేదు, వాళ్ళే చూస్తారు.

ఇప్పుడు మీవాడికి ఇవ్వాల్సిన పని. ఎంపీసీ అన్నారు కదా, కరెంట్ బిల్లు వాడి చేతికిచ్చి ఈ లెక్క చెయ్యమనండి. తెలంగాణలో 2022 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం వంద దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకి యూనిట్ 3.40, రెండో వందకి 4.80, అంటే 200 యూనిట్లకి 820 రూపాయలు. అదే 201 అయ్యిందనుకోండి, ఆ ఒక్క యూనిట్‌కే రేటు పెరగడం కాదు, కేటగిరీయే మారిపోయి మొదటి యూనిట్ నుంచీ 5.10 పడుద్ది, ఆ 201వ దానికి 7.70, మొత్తం 1027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, మిగతావి పక్కన పెట్టి చెప్తున్నా. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! బిల్లింగ్ మిషన్‌లోంచి చీటీ రాగానే కౌంటర్ దగ్గరికి వచ్చి "మొన్నటి కంటే నాలుగు యూనిట్లే ఎక్కువ కాలింది, రెండొందలు ఎక్కువెట్లా వేశారు" అని గొడవ పడేవాళ్ళు ఎంతమందో. మీరు చలికాలంలో 210 దగ్గర ఆగుతున్నారు అంటే 1097 కడుతున్నారు, ఒక్క పది యూనిట్లు తగ్గిస్తే 820. పది యూనిట్లకి 277 రూపాయలు. ఈ లెక్క మీరు చెప్పకండి, వాడే కనుక్కోవాలి, "నీకు నిజంగా లెక్కలొస్తే మన బిల్లు ఎందుకింత వస్తోందో చెప్పు" అని ఒక్క మాట అని వదిలెయ్యండి చాలు.

మీకు తెల్లకార్డు లేదనుకుంటా, ఉన్నవాళ్ళకి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది, దాటితే మొత్తం కట్టాలి, వాళ్ళకైతే ఆ గీత ఇంకా పెద్ద గీత.

మరి ఆ పది యూనిట్లు ఎక్కడున్నాయి? ఇక్కడ పిల్లలకి బాగా నచ్చే పనొకటి ఉంది. మీ ఇంటి మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది, చూసే ఉంటారు, దాని పక్కనే ఇంగ్లీషులో 3200 ఇంప్ అనో 1600 ఇంప్ అనో ప్రింట్ చేసి ఉంటుంది. అంటే ఆ లైటు అన్నిసార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టు. మీది 3200 మీటర్ అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపేసి పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే వేస్తే పదిహేను సెకన్లకి ఒకసారి మిణుక్కుమంటుంది, అది 75 వాట్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ ఒక్కటే వేస్తే రెండు నిమిషాలు కళ్ళప్పగించి చూడాలి ఒక్క మిణుకు కోసం. గీజర్ వేస్తే సెకనుకి దాదాపు రెండు, లెక్కపెట్టలేక నవ్వొస్తుంది. ఒకళ్ళు స్విచ్‌ల దగ్గర, ఒకళ్ళు మీటర్ దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని, మధ్యలో అరుచుకుంటూ, అరగంటలో ఇల్లంతా అయిపోద్ది. మీటర్‌ని ముట్టుకోవద్దు, సీల్ జోలికి, వైర్ల జోలికి అస్సలు పోవద్దు, దూరంగా నిలబడి చూడటమే, అది మాత్రం గట్టిగా చెప్పండి. అపార్ట్‌మెంట్ అయితే కింద ప్యానెల్‌లో అన్ని మీటర్లూ ఒకేలా ఉంటాయి, బిల్లు మీద సర్వీస్ నంబర్ చూసి మీది పట్టుకోండి, లేకపోతే పక్కింటాయన గీజర్ లెక్క మీ ఫ్యాన్‌కి రాస్తారు.

ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. రాత్రి పడుకునేముందు ఎలా వదిలేస్తారో అలాగే అన్నీ "ఆఫ్" చెయ్యమనండి, అంటే టీవీ రిమోట్‌తో ఆఫ్, సెట్ టాప్ బాక్స్ రిమోట్‌తో ఆఫ్, బాబు కంప్యూటర్ స్లీప్‌లో, ఫ్యాన్లు బంద్, ఒక్క ఐదు నిమిషాలు ఫ్రిజ్ కూడా ఆపి. లైటు ఆగిపోవాలి కదా? ఆగదు. నలభై సెకన్లకి ఒకసారి మిణుక్కుమంటోందనుకోండి, అది 28 వాట్లు, రోజంతా నెలంతా అలాగే కాలితే ఇరవై యూనిట్లు. ఎవరూ వాడని కరెంట్ అది. సెట్ టాప్ బాక్స్ మీద చెయ్యి పెట్టి చూడమనండి, ఆఫ్‌లో ఉన్నా వెచ్చగా ఉంటుంది. అందులో సగం తగ్గించినా మీరు 200 లోపలికొచ్చేసినట్టే. ఇది మీరు పదేళ్ళు నోటితో చెప్పినా రాదు, వాడు తన చేత్తో కనిపెడితే ఆ సాయంత్రం నుంచే ప్లగ్గులు వాడే పీకుతాడు, మీక్కూడా క్లాస్ పీకుతాడు, భరించండి. మిగిలిన డబ్బుల్లో సగం పిల్లలిద్దరికీ అని ముందే ఒప్పందం చేసుకోండి. పిల్లలకి డబ్బాశ చూపించడం తప్పు కదా అంటారేమో, నాకైతే తప్పనిపించదు, వాళ్ళు సంపాదించిందే కదా. మాటిచ్చి ఇవ్వకపోతేనే తప్పు.

ఏసీ గురించి. మే నెల్లో హన్మకొండ ఎండ నాకు తెలుసు, పిల్లల్ని ఉక్కలో పడుకోబెట్టమని నేను చెప్పను, పరీక్షలున్న పిల్లోడికి నిద్ర ముఖ్యం. కానీ 18కీ తొందరగా చల్లబడటానికీ సంబంధం లేదని వాడికి తెలియాలి. 18 పెడితే గది తొందరగా చల్లబడదు, మామూలు ఏసీలో కంప్రెసర్ ఎప్పుడూ ఒకే జోరు మీద నడుస్తుంది, 18 వచ్చేదాకా ఆగకు అని మనం చెప్పినట్టు, అంతే, మేలో అది తెల్లారినా రాదు. బీఈఈ (కరెంట్ పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24లో మొదలవ్వాలని రూల్ పెట్టారు, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంట్ మిగులుద్దని వాళ్ళ లెక్క. 26లో పెట్టి పైన ఫ్యాన్ మెల్లగా వేసుకుంటే రగ్గు అవసరం లేకుండా హాయిగా నిద్ర పడుతుంది, 18తో పోలిస్తే మూడో వంతు పైనే ఆదా. మీ లెక్కలోనే చూడండి, చలికాలం కంటే మేలో 210 యూనిట్లు ఎక్కువ, రోజుకి ఏడు, అందులో పెద్ద వాటా ఏసీదే. దాంట్లో ఒక డెబ్భై యూనిట్లు తగ్గి 350కి వస్తే, పైన స్లాబుల్లోవి కాబట్టి, 640 రూపాయలు మిగులుతాయి.

మావాడు డబ్బుకి లొంగడు సార్ అంటే లైన్‌మన్ సంగతి చెప్పండి. మీ వీధి చివర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి, అరవై ఏసీలు ఒక్కసారి నడిస్తే దాని శక్తి అయిపోయినట్టే, ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ వేరే. ఏప్రిల్, మే రాత్రుల్లో పదిన్నర పదకొండింటికి జరిగేది అదే, వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజ్ ఎగిరిపోతుంది, వీధంతా చీకటి, ఆఫీసుకి ఒకటే ఫోన్లు, బూతులు కూడా వస్తాయి. అప్పుడు టార్చ్ నోట్లో కరుచుకుని అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కేది ఇద్దరు పిల్లలున్న ఒక లైన్‌మనో, కాంట్రాక్ట్ మీద పనిచేసే హెల్పరో. షాక్ కొట్టి పోయినవాళ్ళని నేను చూశాను, ఆ సంగతులు ఇక్కడ రాయను. ఆ లోడ్‌లో మన గది కూడా ఉంది అని పిల్లలకి తెలియడం మంచిదే.

ఇంకో మాట, నోటితో చెప్పడం కంటే వస్తువు మార్చడం వెయ్యి రెట్లు నయం. 2015లో ఉజాలా పథకం మొదలైంది గుర్తుందా, కరెంట్ ఆఫీసుల దగ్గర టేబుల్ వేసుకుని ఎల్ఈడీ బల్బులు ఇచ్చేవాళ్ళు, దేశం మొత్తం మీద 36 కోట్ల పైనే పంచారు. అరవై వాట్ల బల్బు ప్లేస్‌లో తొమ్మిది వాట్లది వచ్చి కూర్చుంది, ఎవరి బుద్ధీ మారక్కర్లేకుండానే పనైపోయింది. ఇప్పుడు ఆ వంతు ఫ్యాన్లది. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే రకం సుమారు 30 వాట్లే. మీ ఇంట్లో నాలుగు ఫ్యాన్లు రోజుకి పదిహేను గంటలు తిరుగుతాయనుకుంటే నెలకి ఎనభై యూనిట్లు తగ్గుద్ది. ఒకేసారి నాలుగూ కొనక్కర్లేదు, ఎక్కువ తిరిగే హాల్‌లోది ముందు మార్చండి. రిమోట్‌తో వస్తుంది కాబట్టి మీ పాప పడుకున్న చోటు నుంచే ఆపుద్ది, సగం గొడవ అక్కడే పోద్ది.

పాపకి ఇంట్లో ఫ్యాన్ కంటే పెద్ద పని ఇవ్వండి, ఫ్యాక్టరీలు మాల్స్ అంటోంది కదా. పట్టపగలు పదకొండింటికి వెలుగుతున్న వీధిలైట్లు మీ ఊళ్ళో ఉండవా? ఫోటో తీసి, స్తంభం నంబర్ రాసి కార్పొరేషన్‌కి కంప్లయింట్ పెట్టమనండి, వారం తర్వాత మళ్ళీ చూడమనండి, ఆరలేదంటే మళ్ళీ పెట్టమనండి. గవర్నమెంట్ కాలేజీ అయితే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది, 2005 నుంచి ఉంది, పది రూపాయల ఫీజుతో మా కాలేజీ నెలకి ఎన్ని యూనిట్లు వాడుతోంది, బిల్లు ఎంత అని అడగొచ్చు, ఆ కాగితం చేతికొచ్చాక పెట్టే పోస్టుకి బరువు వేరే ఉంటుంది. ఆ పిల్ల పోస్టుల్ని మాత్రం వెక్కిరించకండి. "పోస్టులు పెట్టడమే గానీ ఫ్యాన్ ఆపవు" అనే మాట వినడానికి బాగుంటుంది, కానీ దాంతో పోస్టులు ఆగుతాయేమో గానీ ఫ్యాన్ ఆగదు.

ఇక స్కూల్. డిసెంబర్ 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం కాబట్టి ఆ వారం అన్ని స్కూళ్ళలో ఒకటే తంతు, బీఈఈ డ్రాయింగ్ పోటీలు కూడా 2005 నుంచి నడుస్తున్నాయి, ఏడుస్తున్న భూగోళం, నోట్లో థర్మామీటర్, పక్కన నవ్వుతున్న ఎల్ఈడీ బల్బు, మీరూ చూసే ఉంటారు. బొమ్మలు వెయ్యడం తప్పని కాదు, కానీ ఆ బొమ్మ వేసిన క్లాస్‌రూమ్‌లో పిల్లలు వెళ్ళిపోయాక ఆరు ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. పర్యావరణం పాఠం అన్ని స్కూళ్ళలో ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, ఎం.సి. మెహతా వేసిన కేసులో, మనం దాన్ని ఒక టెక్స్ట్ బుక్ చేసి, మార్కులు వేసి, చేతులు దులుపుకున్నాం.

మీ తొమ్మిదో తరగతి పిల్లల్ని స్కూల్ మీదే వదలండి. నలుగురు నలుగురు చొప్పున గ్రూపులు చేసి, ఒక గ్రూపు ట్యూబ్‌లైట్లూ ఫ్యాన్లూ లెక్క రాస్తారు, ఏవి పాతవి ఏవి కొత్తవి, ఇంకో గ్రూపు లంచ్ టైమ్‌లోనూ సాయంత్రం బెల్ కొట్టాకా ఏ గదిలో ఏం వెలుగుతోందో చూస్తారు, ఒక గ్రూపు వాటర్ మోటార్, ట్యాంక్, ఒక గ్రూపు కంప్యూటర్ ల్యాబ్, ఆఫీస్ రూమ్, అవును, కరస్పాండెంట్ గారి ఏసీ కూడా. రోజూ పొద్దున ఒకసారి, స్కూల్ అయిపోయాక ఒకసారి, మర్నాడు పొద్దున మళ్ళీ మీటర్ రీడింగ్. రాత్రంతా స్కూల్లో ఎవరూ లేకపోయినా మీటర్ ఎంత తిరిగిందో చూస్తే పిల్లలకే ఆశ్చర్యం. చివరి రోజు వాళ్ళే రూపాయల్లో లెక్కగట్టి మేనేజ్‌మెంట్‌కి చెప్తారు, ఇవి మారిస్తే నెలకి ఇంత మిగులుద్ది అని. ఇది మొదలుపెట్టే ముందే మీరు కరస్పాండెంట్ దగ్గరికెళ్ళి ఒక మాట తీసుకోండి, పిల్లలు చెప్పినవాటిలో కనీసం రెండు ఆ నెలలోనే చేస్తామని. ఆయన ఒప్పుకోకపోతే ఈ ప్రోగ్రామ్ వద్దు, డ్రాయింగ్ కాంపిటీషనే నయం. పిల్లలు వారం రోజులు కష్టపడి లెక్కలు తెస్తే ఫోటో దిగి ఫైల్లో పెట్టేస్తే, పెద్దవాళ్ళకి ఇదంతా నాటకం అనే ఒక్క పాఠమే వాళ్ళకి జన్మంతా గుర్తుంటుంది.

ఒక్క జాగ్రత్త. ఇంటి బిల్లులు తెచ్చి క్లాసులో పోల్చే పని మాత్రం పెట్టకండి. మీ క్లాసులోనే రెండు ఏసీలున్న ఇంటి పిల్లాడూ ఉంటాడు, ఒక్క గదిలో ఒక ఫ్యాన్, ఒక బల్బుతో అద్దెకుండే ఇంటి పిల్లా ఉంటుంది, అందరికీ కలిపి "పొదుపు చెయ్యండి" అని లెక్చర్ ఇస్తే ఆ పిల్ల ఏం పొదుపు చెయ్యాలి? నిజానికి ఆ ఇంట్లో జరిగేదే పొదుపు, ఎండలో బట్టలారేసి, కుండలో నీళ్ళు తాగి, సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి పడుకునేవాళ్ళు. కాబట్టి ఎవరింటి లెక్క వాళ్ళ నోట్‌బుక్‌లోనే, కావాలంటే పోయిన నెలతో ఈ నెల పోల్చుకోమనండి, పక్కవాళ్ళతో వద్దు.

సోలార్ గురించి మీరు అడగలేదు గానీ సొంత ఇల్లయితే ఆలోచించండి, పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది, ఒక్కో కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. కాకపోతే సోలార్ పెట్టించాక "ఫ్రీయే కదా" అని ఇంట్లో అన్నీ డబుల్ చేసేవాళ్ళని చూశాను, పైన చెప్పినట్టు రాత్రి ఏసీ నడిచేది సూర్యుడితో కాదు.

చివరిగా పాప ఏసీ. నా మాటగా చెప్తే ఈ ఏడాదికి ఆ గదిలో బీఎల్‌డీసీ ఫ్యాన్ వేసి, పడమటి కిటికీకి మంచి కర్టెన్ కట్టి, వీలుంటే పైకప్పు మీద తెల్ల కూల్ పెయింట్ వేయించి చూడండి, అది చాలకపోతే వచ్చే వేసవిలో కొనండి, తమ్ముడికి ఉండి అక్కకి లేకపోవడం కూడా న్యాయం కాదు. కొనేటప్పుడు పాపనే వెంట తీసుకెళ్ళండి, ఎంపిక తనదే. స్టార్లు ఒక్కటే చూడొద్దు, ఆ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసుంటుంది, అది 1600 గంటల లెక్క, మీరు ఎన్ని గంటలు వాడతారో దాన్ని బట్టి పాపే గుణించుకోవాలి. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడాలి, బీఈఈ వాళ్ళు కొన్నేళ్ళకోసారి రూల్స్ బిగిస్తుంటారు కాబట్టి పాత స్టాక్‌లో ఉన్న ఐదు స్టార్లు కొత్త లెక్కలో నాలుగో మూడో అవుతాయి, ఆఫర్లో పెట్టి అమ్మేది ఎక్కువగా అవే. షాపులో "అన్నీ ఒకటే మేడమ్" అన్నాడంటే ఇంకో షాపుకి పొండి.